కొల్లేటి గట్టు మీద రెండు తెల్లవారుజాములు

"చెరువు సంగతి తెలియాలంటే ఈ వేళప్పుడే చూడాలిరా. పొద్దెక్కాక అన్ని చెరువులూ బాగానే ఉంటాయి" అంటూ బాబాయి నాలుగింటికే లేపేశాడు. కైకలూరు దగ్గర ఆయన కౌలుకు చేస్తున్న చేపల చెరువు చూడ్డానికి ముందురోజు సాయంత్రమే ఏలూరు నుంచి వచ్చాను. ఆ రోజంతా మబ్బే. ఆయనకి రాత్రి కంటి మీద కునుకు లేదు.

గట్టెక్కి టార్చి వేస్తే నీటి మీద వందల నోళ్లు. శీలావతులు పైకి తేలి గుటకలు వేస్తున్నాయి. పగలు ఎండకి నీటిలోని నాచు ప్రాణవాయువు వదులుతుంది. రాత్రయితే ఆ నాచూ, చేపలూ, అడుగున కుళ్లే మురుగూ కలిసి దాన్ని పీల్చేస్తాయి. మబ్బు పట్టిన మర్నాడు తెల్లవారేసరికి ఇక మిగిలేది చాలా తక్కువ. బాబాయి పరుగున వెళ్లి, నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు వేశాడు. తూర్పు తెల్లబడి, ఆ నోళ్లు ఒక్కొక్కటే లోపలికి పోయేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. కౌలు ముందే కట్టేశాడు, మేత అప్పు మీద నడుస్తోంది. అలాంటి ఒక్క గంట చేయి దాటితే ఏడాది కష్టం తెల్లగా తేలిపోతుంది.

పొద్దెక్కాక పడవలో మేతకి వెళ్లాం. చెరువంతా వరసగా కర్రలు పాతి ఉన్నాయి. తవుడూ, నూనె తీయగా మిగిలిన చెక్కా కలిపి నింపిన సంచులకి అడుగున చిల్లులు పెట్టి ఆ కర్రలకి వేలాడదీస్తారు. చేపలు కిందనుంచి మూతితో పొడుచుకుని తింటాయి. సంచి కట్టాక తాడు మీద చెయ్యి వేస్తే ఆ పొడుపులు వేళ్లకి తెలిశాయి. సాయంత్రానికి సంచి బరువుగానే ఉంటే చేపకి ఒంట్లో బాగోలేదని లెక్క. ఆ రోజు బాబాయి మేత సగానికి తగ్గించాడు.

పక్క చెరువులో పట్టుబడి జరుగుతోంది. శీలావతి ఎక్కువ, బొచ్చె కొంచెం. తూకం వేసి, ఐసు కొట్టి పెట్టెలకి ఎత్తుతున్నారు. లారీలు బెంగాల్, అస్సాం పోతాయి. 2018లో చేప పాడవకుండా ఫార్మలిన్ అనే రసాయనం కలుపుతున్నారన్న గొడవ లేచి అస్సాం ప్రభుత్వం మన చేపను కొన్నాళ్లు ఆపేసినప్పుడు ఇక్కడ పట్టాల్సిన చేప చెరువుల్లోనే ఉండిపోయిందని, దానికి రోజూ మేత వెయ్యక తప్పలేదని బాబాయి చెప్పాడు.

మధ్యాహ్నం కొల్లేటి పక్షుల కేంద్రం ఆటపాక వెళ్లాను. చెట్ల నిండా గూడబాతులు. కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాకెక్కింది. 2006లో సరస్సులోని చెరువు గట్లను పొక్లెయిన్లతో కొట్టేశారు. చెరువులు సరస్సుని మింగాయన్నది నిజం, నేను కాదనను. కానీ ఆ రోజు చిన్న కౌలుదారు పెట్టిన పెట్టుబడి కూడా ఆ మట్టితోనే కొట్టుకుపోయింది. ఆ బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరంతా సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. వేసవిలో మంచినీళ్లు తగ్గితే ఆ దారినే ఉప్పునీరు ఎదురెక్కుతుంది. చెరువులు వదిలే మురుగు చేరేదీ ఆ సరస్సులోకే. సరస్సు బాగుంటేనే బాబాయి చెరువుకి మంచి నీళ్లు. ఈ రెండింటినీ శత్రువుల్లా చూసినంతకాలం రెంటికీ నష్టమే.

మర్నాడు తెల్లవారుజామున మళ్లీ గట్టు మీదకి వెళ్లాం. ఆకాశం నిండా చుక్కలు. టార్చి వేస్తే నీరు కదల్లేదు. బాబాయి పడవలో వెళ్లి మొదటి కర్ర దగ్గర సంచి పైకెత్తాడు. దులిపి, తిరగేసి చూపించాడు. తవుడు రవ్వ కూడా రాలలేదు.