స్ప్రే డబ్బా మానేసినవాళ్లు

చేతిలో గుడ్డ సంచి లేకుండా నేను బజారుకు వెళ్లి చాలా ఏళ్లయింది. దగ్గరి దూరాలకు నడిచే వెళ్తాను. అవసరం లేని దీపాన్ని వెలగనివ్వను. వీటివల్ల నిజంగా ఏమైనా ఒరుగుతుందా అన్న ప్రశ్న మాత్రం 2020 నుంచి నన్ను వదలడం లేదు. ఆ ఏడాది కోట్లాది మంది నెలల తరబడి ఇళ్లకే పరిమితమైనా, విమానాలు నేల మీదే నిలిచిపోయినా, బొగ్గు, చమురు, సహజవాయువుల నుంచి వెలువడే కార్బన్ డయాక్సైడ్ అంతకుముందు ఏడాదికంటే సుమారు 5 శాతమే తగ్గింది. విద్యుత్ కేంద్రాలు, ఉక్కు కొలుములు, సిమెంటు బట్టీలు నడుస్తూనే ఉన్నాయి. వాటిలో ఏ ఇంధనం మండాలో మా ఇంటి స్విచ్చు నిర్ణయించదు.

అలాగని అలవాట్లు వృథా అనడానికి నాకు మనసొప్పదు. స్ప్రే డబ్బాల్లో వాడే క్లోరోఫ్లోరోకార్బన్లు అనే రసాయనాలు, సూర్యుడి హానికర కిరణాలను అడ్డుకునే ఓజోన్ పొరను దెబ్బతీస్తాయని 1974లో శాస్త్రవేత్తలు మారియో మొలీనా, షెర్వుడ్ రోలండ్ హెచ్చరించినప్పుడు, అమెరికాలో చాలామంది చట్టం కోసం ఎదురుచూడకుండా స్ప్రే డబ్బాలు కొనడం మానుకున్నారు. 1978లో అక్కడి ప్రభుత్వం స్ప్రేలలో ఆ రసాయనాల వాడకాన్ని చాలావరకు నిషేధించింది. అయితే అవే రసాయనాలు ఫ్రిజ్‌లలోనూ ఏసీలలోనూ ఉండేవి. ఫ్రిజ్ లేకుండా బతకమని ఎవరిని అడగగలం? 1987 నాటి మాంట్రియల్ అంతర్జాతీయ ఒప్పందం గడువులు పెట్టి ఉత్పత్తినే తగ్గించడంతో తయారీదారులు వేరే వాయువులకు మారక తప్పలేదు, ఓజోన్ పొర ఇప్పుడు మెల్లగా కోలుకుంటోంది. ఇందులో నన్ను ఎక్కువగా కదిలించేది 1974కూ 1978కీ మధ్యనున్న ఆ నాలుగేళ్లు. నిషేధం పెడితే జనం ఒప్పుకుంటారన్న ధైర్యాన్ని పాలకులకు ఇచ్చింది స్ప్రే డబ్బా మానేసినవాళ్లేనని నా నమ్మకం.

విషలోహమైన సీసం కలిపిన పెట్రోలు విషయంలో ఆ పాటి వీలు కూడా లేకపోయింది. బంకులో దొరికేది అదొక్కటే అయినప్పుడు, రోడ్డు పక్కన ఆ పొగ పీల్చే పసిబిడ్డ తల్లి ఏ అలవాటు మార్చుకోగలదు? ఒక్కో దేశమే నిషేధిస్తూ రాగా, చివరికి 2021లో అల్జీరియాలో వాహనాలకు దాని అమ్మకం ఆగిపోయింది.

అందుకే "నువ్వు మారితే చాలు" అనే ప్రచారం కనబడితే నాకు బాధ కలుగుతుంది. బస్సు రాని చోట ఉండే మనిషిని బండెందుకు నడుపుతున్నావని నిలదీయడం అన్యాయం. అడగవలసింది బస్సులకు నిధులు కేటాయించేవారిని. సంచిని నేను వదలలేదు. దాంతోపాటు, పర్యావరణ నిబంధనల ముసాయిదాపై ప్రజాభిప్రాయం కోరినప్పుడల్లా దాన్ని పూర్తిగా చదివి, నా అభ్యంతరాలను రాసి పంపుతున్నాను. మొదటిసారి ఆ పనికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది.