మార్కుల షీటు

ఇవాళ మా ఆఫీసులో ఇంటర్వ్యూలు. ప్యానెల్లో నేను, ఇంకో ఇద్దరు. నాలుగో అమ్మాయి తడుముకోకుండా చెబుతోంది. ఇంతలో నా పక్కనున్న పెద్దాయన, "పెళ్లయ్యాక ఈ తిరుగుడు ఉద్యోగం కుదురుతుందా అమ్మా?" అనేశారు. ఆ పిల్ల చిన్నగా నవ్వి ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను. టీ టైములో కూడా ఆయన్ని ఏమీ అనలేదు. ఎందుకో.

రాత్రి అన్నాలయ్యాక సి.బి. ముత్తమ్మ కేసు తీర్పు తీశాను. ఎప్పుడో చదివిందే. కర్ణాటకలోని కొడగు అమ్మాయి. సివిల్స్ పాసై, 1949లో ఇండియన్ ఫారిన్ సర్వీసులో, అంటే విదేశాల్లో మన దౌత్యం చూసే ఉద్యోగంలో, చేరిన మొదటి మహిళ. ఇంటర్వ్యూ బోర్డే ఈ సర్వీసు నీకెందుకమ్మా అని వెనక్కి లాగబోయిందట. పెళ్లి చేసుకుంటే రాజీనామా చేస్తానని రాసిచ్చి మరీ చేరింది. 1970లో హంగరీకి రాయబారిగా వెళ్లింది. ఆ తర్వాత పై గ్రేడు ప్రమోషన్ ఆపేస్తే, సర్వీసులో ఉంటూనే ప్రభుత్వం మీద సుప్రీంకోర్టుకెక్కింది. అది నేను చేయగలనా? టీ కప్పు ముందే నోరు పెగల్లేదు.

అప్పటి రూలు ఇదీ: ఆడ ఆఫీసరు పెళ్లి చేసుకోవాలంటే ముందుగా ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. పెళ్లయ్యాక ఇంటి బాధ్యతలు పనికి అడ్డమని సర్కారుకు తోస్తే ఎప్పుడైనా రాజీనామా అడగొచ్చు. మగవాళ్లకు ఈ గొడవే లేదు. ఇంటి పనులు అడ్డొచ్చేటట్టయితే మగ ఆఫీసరుకూ రావచ్చు కదా అని జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులో అడిగారు, 1979లో. పెద్దాయనకు నేను చెప్పాల్సింది సరిగ్గా అదే, ఒక్క వాక్యం.

తమాషా ఏమిటంటే పిటిషన్ కొట్టేశారు. విచారణకు వచ్చేలోపే ప్రభుత్వం గబగబా ప్రమోషన్ ఇచ్చేసింది మరి. కొట్టేస్తూనే, పోయిన కొన్ని నెలల సీనియారిటీని మళ్లీ చూడమన్నారు, వివక్ష చూపే రూళ్లన్నీ సరిచేయమన్నారు. ఓడిన కేసు ఇలా కూడా ఉంటుందన్నమాట. ఆ తర్వాత ఆవిడ నిరాయుధీకరణ మీద, అంటే దేశాలు ఆయుధాలు తగ్గించుకోవడం మీద, స్వీడన్ నాయకుడు ఓలోఫ్ పాల్మె నడిపిన పాల్మె కమిషన్‌లో సభ్యురాలు. ఆ సంగతి ఎవరూ పెద్దగా చెప్పుకోరు. కేసు అన్నిటినీ మింగేసింది.

మార్కుల షీటు ఇంకా నా బ్యాగులోనే ఉంది. రేపు పదిగంటలకల్లా ఇవ్వాలి. నాలుగో పేరు ఎదురుగా పెద్దాయన పదికి నాలుగు వేశారు, పక్కన పెన్సిల్‌తో 'ట్రావెల్ డౌటే' అని. నా గడి ఖాళీగా ఉంది. పెన్ను వెతుక్కుంటున్నాను.