జలపాతం దారిలో ఏరిన చెత్త

కొండ మీది జలపాతం చూద్దామని నలుగురైదుగురం కలిసి బయలుదేరాం. దారి పొడవునా చెట్ల నీడ, పక్కనే వాగు చప్పుడు. కూర్చోవడానికి వీలుగా పెద్ద బండలున్న చోటికి చేరేసరికి మాత్రం కాలు పెట్టే సందు లేదు. కవర్లు, గ్లాసులు, చిప్స్ ప్యాకెట్లు, పగిలిన సీసాలు. అంత మంచి చోటు అలా తగలడి ఉంటే కడుపు రగిలిపోయింది.

బండ సందులోంచి ఒక కూల్‌డ్రింక్ సీసా తీశాను. అడుగున నల్లటి నీళ్లు, వాటిలో చచ్చిన పురుగులు. తీపి వాసనకు లోపలికి దూరితే ఆ నున్నటి గోడ ఎక్కి బయటపడలేవు. చిట్టెలుకల్లాంటి చిన్న ప్రాణులు కూడా ఇలాగే సీసాల్లో చిక్కుకుని చచ్చిపోతుంటాయి. ఒక ప్యాకెట్‌ను అంచు పట్టి లాగితే చేతిలోనే పొడిపొడి అయిపోయింది. ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కి ముక్కలవుతుందే గానీ మట్టిలో కలవదు. సిగరెట్ పీకలు దూదిలా కనిపిస్తాయి కానీ, వాటి ఫిల్టరూ ఒక రకం ప్లాస్టిక్కే. వానొస్తే అదంతా వాగులోకి, అక్కణ్నుంచి నదిలోకి, సముద్రంలోకి పోతుంది. ముక్కలు కాకముందే ఏరాలి, ఆ తర్వాత ఎవరి తరమూ కాదు.

"ఎవరో పడేస్తే మనమెందుకు తీయాలి?" అన్నాడు మాతో వచ్చిన ఒకతను. చెత్త బండి ఆ కాలిబాటలో రాదు. నడిచి వచ్చేవాళ్లు తీయకపోతే ఇంకెవరు తీస్తారు? ఎవరెస్ట్ ఎక్కేవాళ్లు తలా 8 కిలోల చెత్త కిందికి తేవాలని నేపాల్ 2014లో నిబంధన పెట్టింది. యూరప్‌లోని చిన్న దేశం ఎస్టోనియాలో 2008లో ఒక్క రోజే సుమారు 50 వేల మంది అడవుల్లోకి, రోడ్ల పక్కకి వెళ్లి దాదాపు 10 వేల టన్నుల చెత్త ఎత్తారు. వాళ్లలో చాలామంది ఎత్తింది వేరేవాళ్లు పడేసిందే. ఈ మాట చెప్పాక అతనూ వంగి ఏరడం మొదలుపెట్టాడు.

గాజు పెంకుల్ని చేతులు తెగకుండా ఒక పాత టవల్‌లో చుట్టాం. ఎదురొచ్చిన ఒక కుటుంబం మమ్మల్ని చూసి ఖాళీ కవరు అడిగి తీసుకుంది. వాళ్ల పిల్లలు పోటీపడి మూతలు ఏరారు.

కొండ కింద చెత్త డబ్బా అప్పటికే పొర్లిపోతోంది. దాని పక్కన సంచులు పెడితే కుక్కలు లాగి మళ్లీ దారంతా చిందరవందర చేస్తాయి. అందుకే అన్నీ మూతి కట్టి కారు డిక్కీలో వేసుకుని, రోజూ బండి వచ్చే చోటికి తీసుకెళ్లి అప్పగించాం.