తిరుపతి నుంచి డల్లాస్: కిలోమీటర్లది ఒక లెక్క, గంటలది ఇంకో లెక్క

గ్లోబు మీద దారం పట్టి కొలిస్తే రేణిగుంట విమానాశ్రయం నుంచి డల్లాస్‌కి దాదాపు 14,800 కిలోమీటర్లు. ఆ దారం పడమరకి పోదు, ఉత్తర ధ్రువం పక్క నుంచి పోతుంది. మనం తూర్పు 79 డిగ్రీల రేఖాంశం దగ్గర, డల్లాస్ పడమర 97 దగ్గర. రెండూ కలిపితే 180కి కొంచెమే తక్కువ. అందుకే ధ్రువం మీదుగానే దగ్గర.

మేము వెళ్ళింది చెన్నై, దుబాయ్ మీదుగా. చెన్నై నుంచి దుబాయ్ సుమారు 2,900, అక్కడి నుంచి డల్లాస్ సుమారు 12,900 కిలోమీటర్లు. చుట్టు తిరిగినా పెరిగేది వెయ్యే.

టికెట్టులో రాత్రి 9:30కి చెన్నైలో బయలుదేరి, మర్నాడు పొద్దున 10కి దిగినట్టు ఉంటుంది. చూడ్డానికి పన్నెండున్నర గంటలే. కానీ ఏ ఊరి టైము ఆ ఊరి గడియారానిదే. ఎండాకాలంలో డల్లాస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక. అది కలిపితే 23 గంటలు. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా తేడా పదకొండున్నర అవుతుంది. ఆ 23లో దుబాయ్ దాకా 4:10, మధ్యలో ఆగేది 2:30, మిగతా 16:20 ఒకే సీట్లో.

ఆ రెండున్నర గంటలు చాలా తక్కువనే నా అభిప్రాయం. మొదటి విమానం ముప్పావు గంట ఆలస్యమైతే మళ్ళీ సెక్యూరిటీ తనిఖీ, గేటు దాకా నడక ఉరుకులు పరుగులే. పెద్దవాళ్ళు తోడుంటే నాలుగు గంటల గ్యాప్ ఉన్న టికెట్టే తీసుకోవాలి. చెన్నై కౌంటర్లో బ్యాగుకి కట్టే ట్యాగు మీద చివరి ఊరి కోడ్ డీఎఫ్‌డబ్ల్యూ అని ఉందో లేదో అక్కడే చూసుకోవాలి.

పొడవాటి విమానంలో ముందున్న తెర మీద మ్యాపు చూస్తూ ఉంటే దారి అర్థమవుతుంది. విమానం ఉత్తరానికి ఎక్కీ ఎక్కీ, చివర్లో కెనడా మీదుగా కిందికి దిగుతుంది. బయట మైనస్ 50 డిగ్రీలు. వేసవిలో ధ్రువానికి అంత దగ్గర ఎండ పోనే పోదు, కిటికీ మూయకపోతే నిద్ర పట్టదు.

అసలు చిక్కు నేల మీద. తిరుపతి నుంచి పుత్తూరు, నగరి మీదుగా చెన్నై విమానాశ్రయం 140 కిలోమీటర్లు. మామూలుగా మూడున్నర గంటలు, సాయంత్రం తిరువళ్ళూరు దాటాక ఎంతయినా కావచ్చు. కౌంటరు గంట ముందే మూసేస్తారు. అందుకే 9:30 విమానానికి మధ్యాహ్నం రెండుకే కారెక్కాలి. రేణిగుంటలో ఎక్కి హైదరాబాద్‌లో మారొచ్చు, కానీ ఆ టికెట్టు విడిగా కొంటే దేశీయ విమానంలో సాధారణంగా 15 కిలోలే. 23 కిలోల బ్యాగులు రెండు తీసుకెళ్ళేవాళ్ళకి అదనపు ఛార్జీ తప్పదు. ప్రసాదం లడ్డూలు నెయ్యి కారకుండా స్టీలు డబ్బాలో పెట్టి, అక్కడి కస్టమ్స్‌లో తినుబండారాలు ఉన్నాయని చెప్పేయాలి.

తిరుగు ప్రయాణంలో డల్లాస్ నుంచి దుబాయ్‌కి పద్నాలుగున్నర గంటలే. పై ఎత్తులో పడమటి నుంచి వీచే గాలి వెనక నుంచి తోస్తుంది, వెళ్ళేటప్పుడు అదే ఎదురొస్తుంది.