40 గంటల కాగితాలు

మంగళవారం, మే రెండో వారం. కెనడాలోని బ్రాంప్టన్‌లో పొద్దుటి నుంచీ సన్నటి వాన.

బడిలో గైడెన్స్ ఆఫీసు బల్ల నిండా ఈరోజు పన్నెండో తరగతి పిల్లల సేవా గంటల ఫారాలే. ఒంటారియోలో హైస్కూలు డిప్లొమా చేతికి రావాలంటే 30 క్రెడిట్లు, లిటరసీ పరీక్షతో పాటు 40 గంటల సమాజ సేవ కూడా పూర్తి కావాలి. 1999లో తొమ్మిదో తరగతిలో చేరిన పిల్లల దగ్గర్నుంచీ ఈ నియమం ఉంది. దీనికి మార్కులు లేవు, క్రెడిట్ లేదు. అయినా 39 దగ్గర ఆగితే డిప్లొమా కూడా ఆగుతుంది. యూనివర్సిటీలు ఇచ్చిన సీట్లు డిప్లొమా వస్తుందన్న షరతు మీదే ఉంటాయి కాబట్టి, మే వచ్చేసరికి ఇళ్ళలో కంగారు మొదలవుతుంది.

ఇక్కడ కాథలిక్ బడులు ప్రభుత్వ నిధులతోనే నడుస్తాయి. హైస్కూలుకు వచ్చేసరికి ఏ మతం పిల్లలైనా చేరవచ్చు. బ్రాంప్టన్, మిస్సిసాగా వైపు ఈ బడుల్లో తెలుగు పిల్లలు కనబడటానికి కారణం అదే. గంటల లెక్క మామూలు ప్రభుత్వ బడికీ కాథలిక్ బడికీ ఒకటే. తేడా తెలిసేది రెలిజియన్ క్లాసులో, ఆ గంటల గురించి అడిగే ప్రశ్నల్లో. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ఆరు పనులు ఉన్నాయి: ఆకలిగొన్నవారికి అన్నం, దాహంతో ఉన్నవారికి నీళ్ళు, పరాయివారికి నీడ, బట్టలేనివారికి బట్ట, రోగికి పరామర్శ, ఖైదీకి పలకరింపు. చనిపోయినవారికి అంత్యక్రియలు చేయడం కాథలిక్ బైబిలులోని తోబితు గ్రంథం నుంచి వచ్చి ఏడోది అయింది. కాథలిక్ బడి ‘సేవ’ అన్నప్పుడు దాని మనసులో ఉండేది ఈ ఏడే. పారిస్‌లో 1833లో ఫ్రెడరిక్ ఒజానం, తోటి విద్యార్థులు కలిసి పేదలకు సాయం చేసే సెయింట్ విన్సెంట్ డి పాల్ సంఘాన్ని మొదలుపెట్టినప్పుడు ఒజానం వయసు 20. ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లలు ఫోను పక్కన పెట్టి వింటారు. తమకంటే రెండు మూడేళ్ళే పెద్దవాడు కదా.

ఇక కాగితాల సంగతి. గంటలు పోయేది బద్ధకం వల్ల అనుకుంటారు. ఈరోజు పక్కన పెట్టాల్సి వచ్చిన ఫారాల్లో చాలావరకు పని చేసిన పిల్లలవే. పని జరిగింది, రుజువు సరిగా లేదు.

ఎక్కువగా దొరికే తప్పు కూడికలో. 2:00 నుంచి 5:30 దాకా పని చేసినవాళ్ళు 3.30 అని రాస్తారు. ఇంకో రోజు 2.30 అని రాస్తారు. రెండూ కలిపి 5.60 వేస్తారు. గంటలూ నిమిషాలూ అలా కూడవు. మూడున్నర అంటే 3.5, రెండున్నర అంటే 2.5, మొత్తం 6. రోజూ ఇలా అరగంట ఉంటే, పది రోజుల పనిలో ఈ తప్పు వల్ల పిల్లలు రెండు గంటలు తమ చేతులారా పోగొట్టుకుంటారు. ప్రయాణానికి పట్టిన సమయం, మధ్యలో భోజనం చేసిన అరగంట లెక్కలోకి రావు. ఇవి కలిపి రాస్తే ఫారం వెనక్కి వస్తుంది.

తర్వాతిది సంతకం. తొమ్మిదో తరగతి వేసవిలో చేసిన పనికి పన్నెండో తరగతిలో సంతకం కోసం వెళ్తే, అప్పటి వాలంటీర్ కోఆర్డినేటర్ ఆ చోట ఉండరు. కొత్తగా వచ్చినవారు తాము చూడని పనికి సంతకం పెట్టరు, పెట్టకూడదు కూడా. పని అయిన రోజే సంతకం, పేరు, ఫోను నంబరు తీసుకోవాలి. బయటికి రాకముందే ఫారాన్ని ఫోటో తీసుకోవాలి. ఆ టర్ము ముగిసేలోపు ఆఫీసులో ఇచ్చేయాలి. నాలుగేళ్ళ కాగితాలు ఒకే కవరులో దాచుకుని చివర్లో తెచ్చేవాళ్ళ దగ్గర ఒకటో రెండో తప్పకుండా తడిసి ఉంటాయి. అమ్మానాన్నల సంతకం పర్యవేక్షకుల గడిలో చెల్లదు. తల్లిదండ్రుల గడి వేరే ఉంది.

పని వివరం దగ్గర ‘హెల్ప్ చేశాను’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. పేదలకు ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ బ్యాంకుకు వెళ్ళినవాళ్ళు ‘డబ్బాలు తేదీల వారీగా వేరుచేశాను, పెట్టెల్లో సర్దాను’ అని రాస్తే ఫోను చేసి అడగాల్సిన పనే ఉండదు.

అసలు ఏ పని చెల్లుతుందన్నది ముందే అడగాలి. స్కూలు బోర్డు ఆమోదించిన జాబితాలో లేని పనికి ప్రిన్సిపల్ అనుమతి పని మొదలుపెట్టకముందే రాతలో ఉండాలి. రాష్ట్రం నిషేధించిన పనుల జాబితా మన ఇళ్ళకు దగ్గరగా తగులుతుంది. జీతమిచ్చి చేయించుకునే పని చెల్లదు: తెలిసినవాళ్ళ ఇండియన్ గ్రోసరీలో బియ్యం బస్తాలు సర్దితే అది సేవ కింద రాదు. వాహనం నడపడం, కరెంటుతోనో ఇంజనుతోనో పనిచేసే పనిముట్లు వాడటం చెల్లవు: పక్కింటి ముసలాయన వాకిట్లో మంచు పారతో తీస్తే సరే, స్నో బ్లోయర్ తిప్పితే కాదు. ఆకులు చేత్తో పట్టుకునే పళ్ళ కర్రతో ఊడిస్తే సరే, లీఫ్ బ్లోయర్ పడితే కాదు. ఇంట్లో రోజూ చేసే పని, సొంత సరదా చెల్లవు. ఉగాది వేడుకల్లో కుర్చీలు వేసి, తలుపు దగ్గర నిలబడి, చివర్లో హాలు ఊడ్చినవాళ్ళకు గంటలు వస్తాయి. స్టేజీ మీద డాన్స్ చేసినందుకు సాధారణంగా రావు. గుళ్ళో అన్నదానం వడ్డన, చిన్నపిల్లల తరగతులకు సాయం రాయించుకోవచ్చు. హుండీ లెక్కింపు, నగలు ముట్టుకునే పని మాత్రం వద్దు, డబ్బూ విలువైన వస్తువుల నిబంధన అడ్డొస్తుంది. మాత్రలు ఇవ్వడం, వైద్యం చేయడం ఎక్కడా చెల్లవు.

వయసు సంగతి చాలామంది మర్చిపోతారు. గంటలు తొమ్మిదో తరగతికి ముందు వేసవి నుంచే మొదలుపెట్టవచ్చు, మంచిదే. అయితే అప్పటికి ఎంతోమందికి 13 ఏళ్ళే. 14 నిండనివాళ్ళు పని చోటికి పెద్దవాళ్ళ తోడు లేకుండా వెళ్ళకూడదు. ఇండియా నుంచి పదకొండో తరగతిలోనో పన్నెండులోనో వచ్చి చేరిన పిల్లలకు ఎన్ని గంటలు అవసరమో ప్రిన్సిపల్ నిర్ణయిస్తారు. మొత్తం 40 అనుకుని బెంగపడేముందు ఒకసారి అడగడం మేలు.

మధ్యాహ్నం పదో తరగతి పిల్లలు కొందరు ఫుడ్ బ్యాంకుకు వెళ్ళేముందు ఏం చూసుకోవాలో అడిగారు. ఉబ్బిన డబ్బా, కారుతున్న డబ్బా, అంచు అతుకు మీద సొట్టపడ్డది, లేబులు ఊడిపోయింది తీసి పక్కన పెట్టాలి. ‘బెస్ట్ బిఫోర్’ తేదీ దాటినంత మాత్రాన సరుకు పాడైనట్టు కాదు. అక్కడివాళ్ళు ఏ సరుకుకు ఎన్నాళ్ళు గడువు ఇస్తారో గోడ మీద అంటించి ఉంచుతారు. పసిపిల్లల ఫార్ములా పాల సంగతి వేరు. దాని మీద ఉండేది ‘ఎక్స్‌పైరీ’ తేదీ, ఒక్క రోజు దాటినా పారేయాల్సిందే. 796 మిల్లీలీటర్ల టమాటా డబ్బాలు ఇరవై ఒకే పెట్టెలో పెడితే బరువు 18 కిలోల చుట్టూ ఉంటుంది. అడుగు ఊడుతుంది, ఎత్తినవాళ్ళ నడుమూ పట్టేస్తుంది. డబ్బాలు అడుగున ఒకే వరస, వాటి పైన పాస్తా, సిరియల్.

వృద్ధాశ్రమానికి వెళ్ళాలనుకునేవాళ్ళు ఎంత ముందుగా మొదలుపెడితే అంత మంచిది. చాలాచోట్ల రెండు దశల టీబీ చర్మ పరీక్ష అడుగుతారు. సూది వేశాక 48 నుంచి 72 గంటల్లోపు చెయ్యి చూపించుకోవాలి. రెండో సూది 1 నుంచి 4 వారాల తర్వాత. మొదటిదాన్ని శుక్రవారం వేయించుకుని శని, ఆదివారాలు క్లినిక్ మూసి ఉంటే, సోమవారం సమయం దాటకముందే పరుగెత్తాలి. పైగా చలికాలంలో ఫ్లూ పాకితే వాలంటీర్లను లోపలికి రానివ్వరు. జనవరిలో 20 గంటలు చేద్దాం అనుకున్నవాళ్ళకు జనవరే దొరకదు.

లోపలికి వెళ్ళాక అన్నిటికంటే ముందు తెలియాల్సింది ఒకటుంది. మింగడం కష్టమైన పెద్దవాళ్ళకు చిక్కగా చేసిన ద్రవాలే ఇస్తారు. మామూలు నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుంది. అందుకని ఎవరైనా దాహం అన్నా, చేతిలో గ్లాసు ఉన్నా, నర్సును పిలవాలి. దాహమన్నవారికి నీళ్ళివ్వమని క్లాసులో విని వచ్చిన పిల్లలకు ఇది అడ్డంగా అనిపిస్తుంది. వాళ్ళకు ఈ కారణం విడమరిచి చెప్పాలి. ఊరికే ‘ఇవ్వకూడదు’ అంటే కొందరు జాలిపడి ఇచ్చేస్తారు. చక్రాల కుర్చీ దగ్గర కూడా అంతే: ఆపగానే రెండు బ్రేకులూ వేయాలి, కదిలేముందు పాదాలు ఫుట్‌రెస్టు మీద ఉన్నాయో లేదో వంగి చూడాలి, లిఫ్టులోకి వెనక్కి లాగుతూ ఎక్కించాలి.

నాలుగు వేర్వేరు చోట్ల పదేసి గంటలు చేసినవాళ్ళ ఫారాలకూ, ఒకే వృద్ధాశ్రమానికి శనివారం రెండేసి గంటలు ఇరవై వారాలు వెళ్ళినవాళ్ళ ఫారాలకూ లెక్కలో తేడా లేదు. రెలిజియన్ క్లాసులో రాసే పేజీలో మాత్రం తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మొదటివాళ్ళు తాము ఏం చేశారో రాస్తారు. రెండోవాళ్ళు మనుషుల గురించి రాస్తారు: ఎవరికి ఏ కిటికీ ఇష్టం, ఎవరు ఏ వారం నుంచి భోజనాల గదికి రావడం మానేశారు, ఎందుకు. ‘చూడు, ఆలోచించు, చెయ్యి’ అన్న మూడు మెట్లను 23వ జాన్ పోపు 1961లో తన విశ్వలేఖలో, అంటే చర్చి అంతటికీ రాసిన లేఖలో, చెప్పారు. చూడటానికే అయిదారు వారాలు పడుతుంది. ఏ చోటైనా నాలుగో వారం విసుగు పుడుతుంది, ఏడో వారానికి పేరుపెట్టి పిలుస్తారు. పిల్లలు మానేసేది ఎక్కువగా ఆ మధ్యలోనే. కుదిరితే ఆ మూడు వారాలూ ఇంట్లోవాళ్ళు దింపి రావాలి, ‘ఈ వారం సెలవు తీసుకో’ అనకుండా.

సాయంత్రానికి బల్ల మీద మిగిలినవి పదకొండు ఫారాలు. వాటిలో ఆరు కూడిక తప్పులు, అవి రేపే తేలతాయి. మూడింటికి సంతకాలు లేవు. రెండింటికి నిజంగానే గంటలు తక్కువ, ఒకరికి 6, ఇంకొకరికి 9. విక్టోరియా డే సెలవులు వస్తున్నాయి. ఆ శనివారం ఫుడ్ బ్యాంకులో రెండు షిఫ్టులు ఖాళీగా ఉన్నాయని చెప్పారు, పొద్దున 9 నుంచి 12, మధ్యాహ్నం 1 నుంచి 4. ఇద్దరి ఇళ్ళకూ ఫోను చేయాలి.