మావయ్య బోటు అదే, పట్టు మాత్రం మారిపోయింది
నిన్న విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మా మావయ్య బోటెక్కాను. చిన్నప్పుడు ఎక్కిన బోటే, కానీ స్టీరింగ్ దగ్గరకెళ్తే సెల్‌ఫోన్ షాపులోకొచ్చినట్టుంది. జీపీఎస్, శబ్దం పంపి కింద లోతునీ చేపల్నీ తెర మీద చూపించే ఎకో సౌండర్, వైర్‌లెస్ సెట్టు, పైగా ఫోన్లో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ వాళ్లిచ్చే చేపల జాడ. ఒకప్పుడు ఒడ్డున కొండలు ఏ వరసలో కనిపిస్తున్నాయో చూసుకుని, తాడుకి సీసపు గుండు కట్టి లోతు కొలిచి వల దింపేవారు. ఇప్పుడు మొన్న రొయ్య పడిన చోటికే చీకట్లో కూడా నేరుగా వెళ్లిపోవచ్చు.

మావయ్య ఎకో సౌండర్ తెర మీద వేలు పెట్టి "ఇదిగో రా, ఈ ఎర్ర మచ్చ చేపల గుంపు, కింద ఎగుడుదిగుడుగా ఉన్నది రాళ్లు, అక్కడ లాగితే వల చిరిగిపోద్ది" అన్నాడు. అంటే ఇదివరకు భయపడి వదిలేసిన రాళ్ల అంచుదాకా ఇప్పుడు లాగేస్తున్నారన్నమాట! వేట ఎంత పెరిగిందో చూడ్డానికి మనమేమో ఇంకా బోట్లు ఎన్ని అనే లెక్కపెడతాం, చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపితే సరిపోయిందనుకుంటాం.

వల నిండిందంటే సముద్రంలో చేప ఉన్నట్టా, లేక మిగిలిన చేపని మిషన్ వెతికి పట్టినట్టా? అదే అడిగాను. "రెండోదేలే" అని నవ్వి టీ పోశాడు.