రిజిస్టర్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిశాక మా ఇంటి ఉత్తరాల వ్యవహారం

2025 వేసవిలో మా అమ్మానాన్నలు తెనాలిలోని ఇల్లు ఖాళీ చేసి హైదరాబాదులో మా దగ్గరికి వచ్చేశారు. వాళ్లు వచ్చిన కొద్ది నెలలకే తపాలా శాఖ రిజిస్టర్ పోస్టును విడి సేవగా ఆపి స్పీడ్ పోస్టులో కలిపివేసింది. ఇల్లు మారడం, పద్ధతి మారడం ఒకేసారి జరగడంతో నాన్నగారి ఉత్తరాల సంగతి నేనే దగ్గరుండి చూసుకోవలసి వచ్చింది.

ముందుగా తెనాలిలో మా వీధికి ఉత్తరాలు పంచే పోస్టాఫీసుకు వెళ్లి, పాత చిరునామాకు వచ్చేవాటిని హైదరాబాదుకు మళ్లించమని పోస్ట్‌మాస్టరు గారి పేర దరఖాస్తు ఇచ్చాను. రెండు చిరునామాలూ పిన్‌కోడ్లతో సహా రాసి, కింద నాన్నగారి చేత సంతకం చేయించి, ఆయన ఆధార్ నకలు జతపరిచాను. అయితే ఈ మళ్లింపు తాత్కాలికమైన సాయమే. పాస్‌పోర్టు వంటి కవర్లను మరో చిరునామాకు మళ్లించరు, పంపినవారికే తిప్పి పంపిస్తారు. అందువల్ల బ్యాంకు, ఎల్‌ఐసీ, షేర్ల కాగితాలు పంపే సంస్థలు, ఇలా ఒక్కొక్కదానిలో చిరునామా మార్పించడమే అసలు పని, ఎక్కువ కాలం పట్టిందీ దానికే.

తరువాతి చిక్కు హైదరాబాదులో ఎదురైంది. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్లి, అమ్మానాన్నలు ఆసుపత్రికి వెళ్లిన రోజున వచ్చిన కవరు మీద పోస్ట్‌మ్యాన్ ‘డోర్ లాక్డ్’ అని తేదీ వేసి వెనక్కి తీసుకుపోయారు. అలాంటి కవరును పోస్టాఫీసులో కొద్ది రోజులు మాత్రమే ఉంచుతారు, ఆ గడువులోగా వెళ్లి తీసుకోకపోతే అది పంపినవారికి తిరిగి వెళ్లిపోతుంది. నాన్నగారు అన్నిసార్లూ నడిచి వెళ్లలేరు కనుక, తన ఉత్తరాలను నాకు ఇవ్వవచ్చని ఆయన చేత అధికార పత్రం రాయించి, నా గుర్తింపు కార్డు నకలుతో అక్కడ ఇచ్చాను. పెద్దవాళ్లున్న ప్రతి ఇంట్లోనూ అవసరం పడకముందే ఈ పని చేసి పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం.

కొత్త పద్ధతి పూర్తిగా అర్థమైంది మాత్రం తెనాలిలోని మా దుకాణం గదిని ఖాళీ చేయమని అద్దెకున్నవారికి నోటీసు పంపవలసి వచ్చినప్పుడు. ‘రిజిస్టర్ పోస్టు విత్ ఏడీ’లోనే, అంటే అందుకున్నట్టు సంతకంతో రసీదు తిరిగి వచ్చే రిజిస్టర్ పోస్టులోనే, పంపాలని వకీలు గారు చెప్పారు. సరైన చిరునామాతో, రుసుము చెల్లించి రిజిస్టర్ పోస్టులో పంపిన పత్రం, అందలేదని రుజువు కానంతవరకు, అవతలివారికి అందినట్టే భావించాలని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షను చెబుతుంది కాబట్టి ఆయన పట్టుదలకు కారణముంది. ఇప్పుడు అదే రక్షణ కావాలంటే స్పీడ్ పోస్టు కవరుకు ‘రిజిస్ట్రేషన్’ అనే అదనపు సేవను మనమే అడిగి తీసుకోవాలి. మామూలు స్పీడ్ పోస్టును ఆ చిరునామాలో ఉన్నవారికి ఇచ్చినా సరిపోతుంది, రిజిస్ట్రేషన్ చేసినదాన్ని మాత్రం చిరునామాదారుకు గాని, ఆయన రాతపూర్వకంగా అధికారం ఇచ్చినవారికి గాని ఇవ్వాలి. నోటీసుల విషయంలో ఈ తేడాయే ప్రాణం.

2025 అక్టోబరు 1న వచ్చిన రేట్ల ప్రకారం 50 గ్రాముల లోపు కవరుకు ఊళ్లోనైతే 19 రూపాయలు, బయటి ఊరికైతే 47 రూపాయలు. రిజిస్ట్రేషన్‌కు మరో 5 రూపాయలు, వీటి మీద జీఎస్‌టీ అదనం. ఓటీపీ చెబితేనే కవరు ఇచ్చే సదుపాయానికీ 5 రూపాయలే గాని, అవతలివారు ఓటీపీ చెప్పడానికి ఇష్టపడకపోతే కవరు ఆగిపోతుందని తలచి నోటీసుకు నేను దాన్ని తీసుకోలేదు. తక్కువ ఖర్చుతో ఉత్తరం పంపుకునే సామాన్యులకు ఈ పెంపు భారమేనని, పల్లెల నుంచి కోర్టు కాగితాలు పంపేవారి కోసమైనా పాత రేటును నిలిపి ఉండవలసిందని నేను అనుకుంటున్నాను.

రసీదు చేతికి రాగానే అక్కడే నిలబడి పేరు, పిన్‌కోడు, రిజిస్ట్రేషన్ రుసుము విడిగా పడిందా లేదా అన్నది చూసుకున్నాను. 13 అక్షరాల ట్రాకింగ్ నంబరుతో రోజూ చూస్తూ, కవరు అందినట్టు నమోదైన పేజీని వెంటనే ముద్రించి, రసీదుతోను నోటీసు నకలుతోను కలిపి వకీలు గారికి అందజేశాను.